నవ్వగలిగేంత నెమ్మది

సముద్రం ఎడమపక్క ఉంది, ఎండ వీపు మీద ఉంది, పాదాలు తమంతట తామే పడుతున్నాయి, మనిషికి ఇంతకంటే ఇంకేం కావాలి అనుకుంది హిసానో, అనుకున్న మరుక్షణమే సిగ్గుతో చెవులు వేడెక్కాయి, ఎందుకంటే ఇవాళ ఇంకొకటి కావాలి, ఆ ఇంకొకదాని కోసమే వాడ వాడంతా జనవరి చలిలో రోడ్డు పక్కన నిలబడి ఉంది. కుడిభుజం మీంచి నడుము దాకా ఏటవాలుగా వేలాడుతున్న నీలం పట్టీ తడిగా ఉంది, అయితే ఆ తడి ఆమెది కాదు, ముందు పరిగెత్తినవాళ్ళ చెమట. దీన్ని తీసుకెళ్ళి తర్వాతి మజిలీలో కాచుకుని ఉన్న కెంగో చేతిలో పెట్టాలి, అంతే పని. పట్టీ మనిషి నుంచి మనిషికి మారుతూ ఊరంతా చుట్టి రావాలి, ఏ వాడ పట్టీ ముందొస్తే ఆ వాడ గెలిచినట్టు. తమ హమసాకి వాడ గెలుపు మాట ఎవరూ ఎత్తరు, నెరిసిన తలలే మిగిలిన వాడ అది. కానీ హమసాకి పట్టీ ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తెగలేదు. తెగడమంటే చిరగడం కాదు. రోడ్డును మళ్ళీ బళ్ళకి వదలాల్సిన వేళకి మజిలీలో తుపాకి పేలుస్తారు, అప్పటికి పట్టీ అందని మనిషి భుజానికి ఒక తెల్లపట్టీ తగిలించి పంపించేస్తారు, సొంత పట్టీ వెనక దారిలో ఎక్కడో మిగిలిపోతుంది. ఏ వాడవాళ్ళు ఏ ఏడు తెల్లపట్టీతో పరిగెత్తారో ఈ ఊళ్ళో ఎవరూ మర్చిపోరు, పెళ్ళి మాటలప్పుడు కూడా ఎవరో ఒకరు గుర్తుచేస్తారు.

అసలు ఇది తన మెడకెలా చుట్టుకుంది? ఈ వంతు ప్రతి ఏడూ టోఫు కొట్టు ఆవిడది, ఆవిడకి జ్వరం తగిలింది. నిన్న పొద్దున వాడ పెద్ద సుగిమురా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రమ్మంటే రాడు, టీ అంటే వద్దు, నడుము సగానికి వంచి, వంచిన నడుము ఎత్తకుండా, నేలతో చెబుతున్నట్టు చెప్పాడు. "మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం నాకు బొత్తిగా ఇష్టం లేదు హిసానోగారూ. కంగారేం లేదు. మీరు రోజూ ఎలా పరిగెడతారో అలాగే, మీ పద్ధతిలో మీరు హాయిగా రండి. పట్టీ చేరితే అదే పదివేలు." ఇందులో చివరి ముక్క ఒక్కటే సరుకు, తక్కినదంతా పైన చుట్టిన కాగితం. కాగితం విప్పి సరుకు తీసుకోవడం ఈ ఊళ్ళో బడికెళ్ళే పిల్లలకి కూడా వచ్చు, ఇంత వయసొచ్చిన హిసానోకి రాదా? లోపలి గదిలోంచి అత్తగారు, చెవుడని పేరేగానీ వినాల్సినవన్నీ వినపడతాయి ఆవిడకి, "మా కోడలా? దాని పరుగు నేను చూశానయ్యా సుగిమురా. నత్త ఎదురొస్తే అది కూడా జాలిపడి తప్పుకుంటుంది. ఇంకెవరూ దొరకలేదా మీకు?" అంది. నవ్వాలో లేదో తెలియక సుగిమురా ఇంకాస్త వంగాడు. దొరకలేదు మరి. హిసానో ఒప్పుకుంది, ఒప్పుకుంటున్నప్పుడు తనకి కలిగింది భయమే అనుకుంది, పక్క మీద వాలాక తెలిసింది అది భయం కాదని, సంబరమని. రోడ్డు మీద బళ్ళుండవు. చేతిలో చెత్త సంచీ అక్కర్లేదు. పట్టపగలు, సముద్రం వెంట అంత దూరం, వెనకనుంచి ఎవరూ పిలవకుండా.

చెత్త సంచీ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఇకుయో అక్క దగ్గర పరుగు నేర్చుకున్న కొత్తలో, పనీపాటా లేకుండా తెల్లవారకముందే రోడ్డు మీద పరిగెడుతోందని ఎవరైనా అంటారేమోనని, చెత్త వెయ్యడానికి వెళ్తున్నట్టు సంచీ పట్టుకుని బయల్దేరేది, చెత్తబండి రాని రోజుల్లో ఖాళీ సంచీలో పాత కాగితాలు కుక్కి మరీ. "మనింట్లో ఇంత చెత్త ఎక్కణ్ణుంచి పుడుతోందే?" అని అత్తగారు. పుట్టిన దగ్గర్నుంచీ పరుగంటే హిసానోకి తెలిసింది ఒక్కటే, ఆలస్యం. వాన పడితే ఆరేసిన బట్టల కోసం పరుగు, చేపముద్దల కార్ఖానాలో గంట కొట్టేలోపు పరుగు, కార్ఖానాలో కూర్చున్నాక చేతుల పరుగు, కదిలే బెల్టు మీద ముద్దలు వస్తూనే ఉంటాయి, ఒకటి తప్పితే పక్కావిడ మీద పడుతుంది, చంటిదానికి జ్వరం వస్తే వీపున కట్టుకుని కొండ దిగుతూ పరుగు, గొంతులో ఇనుప రుచి, ఏమైపోతుందో ఏమైపోతుందో అని అడుగు అడుక్కీ. ఇకుయో అక్క ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది, రిటైరైనా ఆ గొంతు పోలేదు. "చూడమ్మాయ్, నవ్వు రావాలి. నవ్వు రాలేదంటే వేగం ఎక్కువైనట్టు లెక్క. కుక్కని తిప్పే ముసలాయన మనల్ని దాటిపోయాడా, అయితే మనం సరిగ్గా పరిగెడుతున్నాం." మొదటి రోజే ఆయన దాటిపోయాడు, దాటుతూ "కాలు నొప్పా పాపం?" అని పరామర్శించాడు కూడా, ఇద్దరూ నవ్వి నవ్వి కట్టమీద కూర్చుండిపోయారు. మడమ కాదు, ముందరి పాదం ఆనించాలి, చిన్నచిన్న అడుగులు, ఊపిరి గురించి ఆలోచించకూడదు, అది దాని పని చూసుకుంటుంది. కొన్నాళ్ళకి ఒక పొద్దున పడవలు తిరిగొస్తుంటే హిసానోకి తట్టింది, తను దేనికీ ఆలస్యం కాలేదని. ఎక్కడికీ వెళ్ళడం లేదు. ఎవరి కోసమూ కాదు. ఒంటరిగా వంటింట్లో నిలబడి అందరికీ పంచాల్సిన మిఠాయి ఒక్కతే తినేస్తున్నట్టుంది, రుచి అలా ఉంది, తప్పు కూడా అలాగే ఉంది.

అదిగో వృద్ధాశ్రమం వాళ్ళు, చక్రాల కుర్చీల్లో, మోకాళ్ళ మీద దుప్పట్లు, చేతుల్లో కాగితం జెండాలు. "కానివ్వు, కానివ్వు, హమసాకి కానివ్వు!" అంటున్నారు. తల వంచి దణ్ణం పెట్టకుండా ఎలా పోతుంది, ఆ చివరావిడ తనకి కుట్టుపని నేర్పిన మనిషి. వంగినప్పుడల్లా అడుగు తడబడుతుంది, మళ్ళీ లయ అందుకోవడానికి కొంత దూరం పడుతుంది, అయినా వంగింది, తర్వాత పోస్టాఫీసాయనకి, తర్వాత నారింజతోట వాళ్ళకి, వాళ్ళ మనవరాలికి. పరిగెత్తేవాళ్ళు దణ్ణాలు పెట్టరు, అది అందరికీ తెలుసు, పరిగెత్తేవాళ్ళు పళ్ళు బిగించి ఎవరినీ చూడకుండా పోతారు, చూడకపోవడమే వాళ్ళ మర్యాద. ఆ మలుపులో సూపు గిన్నె దగ్గర ఆడవాళ్ళు, పంది మాంసం, ముల్లంగి, సోయా గింజల ఉప్పుముద్ద మిసో కలిసిన ఆవిరి, ప్రతి ఏడూ ఆ గిన్నె దగ్గర గరిటె పట్టుకునేది తనే. "హిసానో, నువ్వు లేకపోతే ఉప్పు కుదర్లేదే!" అని ఎవరో అరిచారు. "మిసో ఇంకో గరిటె వెయ్యండి!" అని తిరిగి అరిచింది. అరిచింది. పరిగెడుతూ. మాట తడబడలేదు, ఊపిరి తెగలేదు, గొంతు ఇంట్లో ఉన్నంత మామూలుగా పలికింది, ఆడవాళ్ళు ఒక్క క్షణం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు, ఆ క్షణం హిసానోకి కనపడింది. పందెంలో ఉన్న మనిషి వంట గురించి మాట్లాడుతుందా?

వెనక సుగిమురా చిన్న ట్రక్కు వస్తోంది, ఆయన చేతిలో మైకు. ఇందాకటినుంచీ ఆ మైకులోంచి పూలే రాలుతున్నాయి. "హిసానోగారూ, చాలా బాగుంది. భంగిమ ఎంతో అందంగా ఉంది." తర్వాత, "ఇవాళ గాలి మన వెనకనుంచే వీస్తోంది, అదృష్టం." గాలి వెనకనుంచి ఉందంటే ఆ గాలిని వాడుకోమని. తర్వాత కాసేపు మైకు గరగరమంది, మనిషి దగ్గి గొంతు సవరించుకున్నాడు. "కెంగో అప్పుడే గీత దగ్గరికి వచ్చి నిలబడ్డాట్ట. చేతులు రుద్దుకుంటున్నాట్ట, పాపం చలికి." కాగితం విప్పితే లోపల ఏముందో తెలియనిది ఎవరికి? త్వరగా, త్వరగా, హిసానో, నీకు దణ్ణం పెడతాను, త్వరగా. కానీ ఆ మాట ఆయన నోటినుంచి రాదు, అరవై దాటిన ఆడమనిషిని, బతిమాలి తెచ్చిన మనిషిని, నలుగురిలో తొందరపెట్టడం ఆయన చచ్చినా చెయ్యడు, చెయ్యడని హిసానోకి తెలుసు, తెలిసి ఆ మర్యాద కింద గొడుగు కింద దూరినట్టు దూరింది. అనలేదుగా, అననిది నాకెలా వినపడుతుంది? సిగ్గులేనిదానా. పట్టీ లోపలివైపు కుట్టు బొటనవేలికి తగిలింది. కుట్టింది ఇకుయో అక్క, ఈ వాడకి కోడలుగా వచ్చిన ఏడు, మొదట పరిగెత్తింది ఆవిడ భర్త, ఆయన పడవతోపాటు సముద్రంలో పోయాక ఆయన పరిగెత్తే చివరి వంతు కొడుకు కెంగోది. వాడు అంత పెద్ద మగాడై, ముగ్గురు పిల్లల తండ్రై, ఇప్పటికీ పట్టీ భుజాన వేసుకునేముందు దాన్ని ఒకసారి నుదుటికి ఆనించుకుంటాడు, తల్లి అటు తిరిగి ముక్కు చీదుకుంటుంది, ఏటా ఇదే తంతు, ఏటా సూపు గిన్నె వదిలి సైకిలు మీద వచ్చి హిసానో చూసేది. ఇవాళ కూడా ఇకుయో అక్క అక్కడే ఉంటుంది, గీత దగ్గర. పద, పరిగెత్తు. పరిగెత్తింది. కొన్ని కరెంటు స్తంభాల మేర నిజంగానే పరిగెత్తింది, సుగిమురా మైకు పక్కన పెట్టి చప్పట్లు కొట్టడం వినపడింది, గొంతులోకి ఇనుప రుచి వచ్చింది, దాంతోపాటు కొండ దారి, వీపు మీద కాలిపోతున్న పిల్ల, కార్ఖానా గంట, అత్తగారి పిలుపు, ఏమైపోతుందో ఏమైపోతుందో, అవన్నీ వరసగా లేచి వెంటపడ్డాయి. ఇవి నాకొద్దు. ఇవి వదిలించుకోవడానికేగా ఇన్నాళ్ళూ. అడుగు చిన్నదైంది. ఊపిరి ముక్కులోకి తిరిగొచ్చింది. ఒళ్ళు దానంతట అదే తగ్గింది అని రేపు చెప్పుకోవచ్చు, అందరూ నమ్ముతారు, వయసు కదా అంటారు, కానీ తగ్గించింది తనే, తెలిసి, చూస్తూ చూస్తూ. తగ్గించగానే సముద్రం మళ్ళీ ఎడమపక్కకి వచ్చి కూర్చుంది, నీళ్ళ మీద ఎండ ముక్కలైంది, మొహం మీదికి అదిగో ఆ పాడు నవ్వు వచ్చేసింది. ఏడుపు రావాల్సిన చోట నవ్వు వచ్చే మొహాన్ని ఏం చెయ్యాలి?

మలుపు తిరిగింది. మజిలీ కనపడింది, వాడల జెండాలు, జనం, తెల్లగీత, గీత మీద కెంగో, అంత దూరంనుంచి కూడా పోల్చుకోవచ్చు, చెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. కోపంగా కాదు. ఇటు, ఇటు అన్నట్టు, కొత్తగా వచ్చిన చుట్టానికి ఇల్లు చూపిస్తున్నట్టు. హిసానో పట్టీ తీసి గుప్పిట్లో పట్టుకుంది, అందించేముందు అలాగే చెయ్యాలి, ఈసారి నిజంగా కాళ్ళు ఎత్తింది, వెనక ట్రక్కులో సుగిమురా మైకు వదిలేసి ఉత్త గొంతుతో, మొట్టమొదటిసారి, "హిసానోగారూ, పరిగెత్తండీ!" అని అరిచాడు, ఆ గొంతు చిరిగిపోయింది. అయ్యో, ఈ పెద్దమనిషి చేత ఆ మాట అనిపించానే. తుపాకి పేలింది. చిన్న చప్పుడు, పండక్కి పిల్లలు పేల్చేలాంటిది. కొంగలు కొన్ని లేచాయి. నిర్వాహకుడు తెల్లపట్టీ చాపాడు, కెంగో దాన్ని తీసుకోవడానికి కొంచెం ఆలస్యం చేశాడు, ఒక్క అడుగు ఆమె వైపు వేసి ఆగాడు, ఆపైన వేసుకున్నాడు, నుదుటికి ఆనించుకోలేదు, వెనక్కి తిరిగి ఆమె వస్తున్న దారికి నడుము వంచి దణ్ణం పెట్టి పరుగు అందుకున్నాడు. ఎంత బాగా పరిగెడతాడో. వీపు మీద ఆ తెలుపు చాలా దూరం కనపడింది. గుప్పిట్లో నీలం పట్టీ ఉంది, దాన్ని ఎవరికివ్వాలి?

గీత ఇంకా కొంత దూరం ఉంది, అక్కడిదాకా వెళ్ళక తప్పదు, దారి పొడుగునా జనం చప్పట్లు ఇంకా గట్టిగా కొడుతున్నారు, ఓడినవాళ్ళకి కొట్టే చప్పట్లు అవి, వాటికి తల వంచకూడదనుకుంది, వంచింది. గీతకి అవతల ఇద్దరు మనుషులు పెద్ద తువ్వాలు ఒకటి రెండు చేతులా విప్పి పట్టుకుని మోకాళ్ళు వంచి సిద్ధంగా ఉన్నారు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు కూలిపోతారు, ఉన్నదంతా దారిలో పెట్టేసి గీత దాటగానే పడిపోతారు, వాళ్ళని ఆ తువ్వాల్లో పట్టుకోవాలి, టోఫు కొట్టు ఆవిడ పోయినేడు అలాగే పడింది, చేతులు కొంకర్లు పోయాయి, నలుగురు మోశారు. హిసానో గీత దాటింది. నిలబడింది. గుండె నెమ్మదిగా కొట్టుకుంటోంది. ఊపిరి ముక్కులోంచి, మెత్తగా. చెంపలు చల్లగా ఉన్నాయి. తువ్వాలు పట్టుకున్న ఇద్దరూ ఆమె వైపు చూస్తున్నారు, చేతులు అలాగే చాచి, ఇప్పుడు పడుతుంది, ఇదిగో ఇప్పుడు పడుతుంది అని, సూపు గిన్నె దగ్గరివాళ్ళెవరో ముందే సైకిళ్ళ మీద వచ్చేసి ఉన్నారు, సుగిమురా ట్రక్కు దిగుతున్నాడు, ఇంతమంది కళ్ళు తన ఛాతీ మీదే ఉన్నాయి, అది ఎగసిపడటం లేదు. ఈ క్షణం వీళ్ళకి తెలిసిపోతుంది. చేతకాక కాదు, ఇష్టమై అని. ఇలాగే ఇంకో ఊరిదాకా కూడా పరిగెత్తగలదని. సిగ్గు కాళ్ళలోకి దిగింది, ఏం చేస్తున్నానో చూస్తూనే, వద్దు హిసానో వద్దు అనుకుంటూనే, మోకాళ్ళు మడిచింది. పడింది. తువ్వాల్లో పట్టుకున్నారు. "అయ్యో అయ్యో" అన్నారు అందరూ. నేల మీద పడుకోబెట్టారు, ఎవరో కోటు కప్పారు, సుగిమురా పక్కనే మోకరిల్లి తల నేలకి ఆనించి "తప్పంతా నాదే, మీ చేత ఇంత పని చేయించాను, క్షమించండి" అంటున్నాడు, ఆయన నెత్తి మీద పలచబడిన జుట్టు కనపడుతోంది. హిసానో పట్టీని పిడికిట్లో ఇంకా బిగించింది.

"జరగండి, జరగండి, గాలి ఆడనివ్వండి," నర్సు గొంతు. ఇకుయో అక్క గుంపును తోసుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది, మోకాళ్ళు పటపటమన్నాయి, అలవాటైన చేత్తో హిసానో మణికట్టు అందుకుని మూడు వేళ్ళు ఆనించింది. హిసానో కళ్ళు మూసుకోవాలనుకుంది, మూసుకోలేకపోయింది. ఇకుయో అక్క మొహం పైన ఉంది, ఆకాశం కంటే దగ్గరగా, ఆ మొహం మణికట్టు వైపు లేదు, కొడుకు తెల్లపట్టీతో వెళ్ళిపోయిన రోడ్డు వైపు ఉంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నాడి చూడటానికి అంతసేపు అక్కర్లేదు. వేళ్ళు తియ్యలేదు. ఇంకా తియ్యలేదు. కనుబొమల మధ్య ఒక చిన్న ముడి పడింది, విడిపోయింది. తర్వాత ఇకుయో అక్క తలెత్తి, వెనకవాళ్ళకి కూడా వినపడేట్టు అంది. "గుండె చూడండర్రా ఎలా దడదడలాడుతోందో. ఈ పిచ్చిది ప్రాణం పెట్టి పరిగెత్తింది." జనంలోంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది, చప్పట్లు మళ్ళీ మొదలయ్యాయి, ఎవరో ఏడుస్తున్నారు కూడా, అది అత్తగారి గొంతేమోనని హిసానోకి అనుమానమొచ్చింది.

"అక్కా," అంది హిసానో, పెదవులు కదిలీ కదలకుండా. "నాకు ఆయాసం... నేను కావాలనే..."

"తెలుసు, మాట్లాడకు." ఇకుయో అక్క ముఖం తుడుస్తున్నట్టు వంగి, తువ్వాలు అంచుతో ఆమె పొడి నుదురు ఒత్తింది. "అందరూ చూస్తున్నారు. కాస్త రొప్పవే."

హిసానో కళ్ళు మూసుకుని, నోరు తెరిచి, రొప్పడం మొదలుపెట్టింది.